తాపీమేస్త్రికి ప్రవేశం లేదు

తెడ్డు పట్టిన చేతులు: 4వ భాగం

గత వారం థేమ్స్ పడవవాళ్ల పందేల దగ్గర ఆగాం. 1715లో డాగెట్ అనే నటుడు మొదలుపెట్టిన పందెం దగ్గర్నుంచి చాలాకాలం ఆ నదిలో తెడ్డు పోటీ అంటే కూలిబతుకు పడవవాళ్లదే. లండన్ జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చి పొట్టపోసుకునేవాళ్లు ఏడాదికోసారి ఒక కోటు కోసం, దాని చేతికి కుట్టే వెండి బిళ్ల కోసం ప్రాణం పెట్టి తెడ్డు వేసేవాళ్లు. తర్వాత ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కుర్రాళ్లకు అదే సరదా పుట్టింది. 1839లో థేమ్స్ ఒడ్డునే ఉన్న హెన్లీ ఊళ్లో రెగాటా, అంటే పడవ పందేల జాతర, మొదలైంది. పెద్దింటి బిడ్డలు పడవవాళ్లతో పోటీపడితే ఓడిపోవడం ఖాయం. ఓడకుండా ఉండాలంటే వాళ్లకన్నా గట్టిగా తెడ్డు వేయడం నేర్చుకోవాలి, లేదంటే వాళ్లను పోటీలోకే రానివ్వకూడదు. హెన్లీ పెద్దలకు రెండోది సులువనిపించింది.

1879లో వాళ్లు రాసుకున్న నిబంధన సారం ఇది. అమెచ్యూర్లకే, అంటే ఆటను బతుకుతెరువు చేసుకోనివాళ్లకే, పోటీలో చోటు. డబ్బు కోసం పందెం వేసినవాడు అమెచ్యూర్ కాడు. ఇంతవరకు సరే. కూలికి చేతిపని చేసేవాడు, ఒకప్పుడు చేసినవాడు కూడా అమెచ్యూర్ కాడు. వడ్రంగి కానీ, కమ్మరి కానీ, మిల్లు కార్మికుడు కానీ, జన్మలో ఏ పందెంలోనూ పైసా ముట్టకపోయినా సరే, పనికిరాడు. ఈ ‘ఒకప్పుడు చేసినవాడు కూడా’ అన్న ముక్క గుర్తుంచుకోండి. ఈ వారం కథకు అదే కీలకం. పని మానేసినా మైల పోదన్నమాట.

హెన్లీ పెద్దల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో డబ్బు పందేల రోయింగ్ శుద్ధంగా ఏమీ లేదు. టొరాంటోకు చెందిన నెడ్ హాన్లన్ లాంటి మొనగాళ్ల పోటీలకు జనం వేలల్లో వచ్చేవాళ్లు. బెట్టింగులు, కుమ్మక్కులు మామూలే. ఆ మురికి తమ ఆటకు అంటకూడదనుకోవడంలో తప్పులేదు. కాని దానికి పందెం డబ్బు తీసుకున్నవాణ్ని ఆపితే చాలు. గోడ కట్టినవాణ్ని ఆపడం దేనికి?

గోడ కట్టినవాడి పేరు జాన్ బ్రెండన్ కెల్లీ. ఊరంతా జాక్ అనేది. 1889 అక్టోబరు 4న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి జాన్ హెన్రీ కెల్లీ ఐర్లండ్‌లోని మేయో ప్రాంతం నుంచి పొట్టచేతపట్టుకుని వచ్చినవాడు. తల్లి మేరీ కాస్టెలో. పదిమంది పిల్లలు. ఈస్ట్ ఫాల్స్ అనే పేటలో కాపురం. అక్కడ డాబ్సన్ల కార్పెట్ మిల్లు కూత విని లేచి, ఆ మిల్లులోనే పనిచేసి, ఆ మిల్లు జీతంతోనే తినే ఐరిష్ కుటుంబాలు వందల కొద్దీ ఉండేవి. కెల్లీలు అందులో ఒకరు.

ఆ ఇంట్లో ఏం తిన్నారో, ఏం తాగారో కాని పిల్లలు మామూలువాళ్లు కాలేదు. వాల్టర్ రంగస్థలం మీద హాస్యానికి అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాడు. జార్జి నాటకకర్త అయ్యాడు. అతని ‘క్రెయిగ్స్ వైఫ్’ నాటకానికి 1926లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మరో అన్న పాట్రిక్ ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. చదువు మధ్యలో వదిలేసిన జాక్ ఈ పాట్రిక్ దగ్గరే తాపీ పట్టడం నేర్చుకున్నాడు. సిమెంటు కలపడం, తూకం గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూడటం, వరస వంకర పోకుండా ఇటుక పేర్చడం అతని మొదటి చదువు.

రెండో చదువు నదిలో. ఈస్ట్ ఫాల్స్ పక్కనే స్కూకిల్ నది పారుతుంది. దిగువన ఫెయిర్‌మౌంట్ దగ్గర ఊరి మంచినీళ్ల కోసం 19వ శతాబ్దం మొదట్లో ఆనకట్ట కట్టారు. దాంతో పైన నీళ్లు ఉరవడి తగ్గి చెరువులా నిలిచాయి. పడవ పోటీలకు అంతకంటే ఏం కావాలి? ఒడ్డున క్లబ్బుల వాళ్లు వరసగా పడవల ఇళ్లు కట్టుకున్నారు. 1858లోనే ఈ క్లబ్బులన్నీ కలిసి ‘స్కూకిల్ నేవీ’ అని ఒక సంఘం పెట్టుకున్నాయి. పేరు చూసి యుద్ధనౌకలు అనుకోకండి, అన్నీ సన్నటి చెక్క పడవలే. ఆ వరసలో వెస్పర్ బోట్ క్లబ్ ఒకటి. 1900 పారిస్, 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లలో ఎనిమిది మంది తెడ్డు వేసే పోటీలో బంగారు పతకాలు ఈ క్లబ్బువాళ్లవే. జాక్ కెల్లీ చేరింది ఇందులోనే. పొద్దంతా ఇటుకలు, పొద్దు వాలాక తెడ్లు.

అతను ఎంచుకున్నది ఒంటరి పడవ, సింగిల్ స్కల్. హుసేన్‌సాగర్‌లో రోయింగ్ సాధన చూసినవాళ్లకు ఈ పడవ తెలిసే ఉంటుంది. మనిషి నడుము పట్టేంత వెడల్పు, ఏడెనిమిది మీటర్ల పొడవు. కూర్చునే పీట చక్రాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. రెండు చేతుల్లో రెండు తెడ్లు. చూసేవాళ్లు చేతుల బలం అనుకుంటారు కాని తొయ్యేది కాళ్లు. మోకాళ్లు ముడిచి పీటతో ముందుకు జారి, తెడ్లు నీళ్లలో దింపి, కాళ్లతో తన్ని, నడుముతో లాగి, ఆఖర్న చేతులు వాడాలి. రెండు తెడ్లలో ఒకటి ఒక్క వేలెడు లోతుగా పడినా పడవ పక్కకు ఒరుగుతుంది. పైగా రోయర్ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. గమ్యం కనపడదు. ఓడిపోతున్నవాళ్లు మాత్రం కళ్లెదుటే కనిపిస్తారు. ముందున్నవాణ్ని చూడాలంటే మెడ తిప్పాలి, తిప్పితే లయ చెడుతుంది. రెండు వేల మీటర్లు, ఏడు నిమిషాల పైచిలుకు ఇదే తంతు. ఎనిమిది మంది పడవలో అలసట పంచుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కెల్లీ మామూలు సిపాయిగా చేరి లెఫ్టినెంటుగా తిరిగొచ్చాడు. ఆ మధ్యలో సైన్యం బాక్సింగ్‌లో హెవీవెయిట్‌గా వరసగా గెలిచాడు. కాలి చీలమండ విరగడంతో అది ఆగింది. ఊరికొచ్చాక అన్నలు జార్జి, వాల్టర్ ఇచ్చిన 7,000 డాలర్ల అప్పుతో సొంతంగా ఇటుక పనుల కంపెనీ పెట్టాడు. 1919లో సింగిల్ స్కల్స్‌లో అమెరికా ఛాంపియన్ అయ్యాడు. అంటే 1920 నాటికి అతను కూలికి ఇటుక పేర్చే మేస్త్రి కాడు, నలుగురికి కూలి ఇచ్చే యజమాని. అయినా ‘ఒకప్పుడు చేసినవాడు’.

ఒంటరి పడవవాళ్లకు హెన్లీలోని డైమండ్ స్కల్స్ పోటీని మించిన గౌరవం లేదు. ఒలింపిక్స్ అప్పటికింకా పాతికేళ్ల పసిది. కెల్లీ 1920 వేసవికి హెన్లీకి దరఖాస్తు పెట్టాడు. ఓడ టికెట్టు కొనుక్కున్నాడు. బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు కబురొచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు.

ఇక్కడ కథలు రెండు. అమెరికాలో తరతరాలుగా చెప్పుకునేది మొదటిది. ఇటుకలు మోసిన చేతులు కండబలంతో పెద్దింటి బిడ్డలను అన్యాయంగా ఓడిస్తాయని ఇంగ్లిషువాళ్లు తాపీమేస్త్రిని గడప దగ్గరే ఆపేశారు. కెల్లీ కూడా జీవితాంతం దీన్నే చెప్పాడు. రెండోది హెన్లీ కమిటీ మినిట్స్‌లో ఉంది, కాస్త చప్పగా ఉంటుంది. 1905లో వెస్పర్ క్లబ్ జట్టు హెన్లీకి వెళ్లింది. ఆ ప్రయాణ ఖర్చులకు ఊళ్లో చందాలు వసూలు చేశారని తర్వాత బయటపడింది. చందా డబ్బుతో వచ్చినవాడు అమెచ్యూర్ కాడని, ఇకపై వెస్పర్ క్లబ్ నుంచి ఎవరి దరఖాస్తూ తీసుకోకూడదని 1906లో కమిటీ తీర్మానించింది. కెల్లీ వెస్పర్ సభ్యుడు. కాబట్టి చెల్లదు.

ఈ రెండో కథ తెలిశాక కొందరు చరిత్రకారులు మొదటిదాన్ని కట్టుకథ అని కొట్టేస్తారు. నాకు అంత తొందర లేదు. ఎందుకంటే అదే మినిట్స్‌లో వెస్పర్ తీర్మానం తర్వాత ఇంకో వాక్యం ఉంది. చేతిపని నిబంధన ప్రకారం కూడా కెల్లీ అర్హుడు కాడని అందులో రాశారు. క్లబ్ మీద నిషేధం ఒక్కటే తిరస్కరించడానికి చాలు. రెండో కారణం అవసరం లేదు. అవసరం లేకపోయినా రాశారు. రేపు ఈ మనిషి క్లబ్బు మార్చుకుని వస్తాడేమోనన్న ముందుజాగ్రత్త కావచ్చు. అలా వచ్చినా తలుపు తెరవబోమని ముందే రాసి పెట్టుకున్నారు. కెల్లీ కథలో కొంత అలంకారం ఉంది కాని అసలు విషయం కల్పన కాదు.

హెన్లీలో ఆ ఏడాది డైమండ్ స్కల్స్ గెలిచింది జాక్ బెరెస్‌ఫర్డ్ అనే 21 ఏళ్ల లండన్ కుర్రాడు. ఇతనూ తరాల తరబడి ఇంగ్లిషు జమీందారు ఇంటివాడేం కాదు. తాత పోలండ్ నుంచి వలస వచ్చినవాడు. తండ్రి జూలియస్ ఫర్నిచర్ తయారీ వ్యాపారి. వ్యాపారికీ పనివాడికీ మధ్య ఉన్న ఆ సన్నటి గీతకు ఇవతల ఉన్నాడు కాబట్టి బెరెస్‌ఫర్డ్‌కు హెన్లీ దొరికింది. కెల్లీ కూడా ఆ గీత దాటాడు, కాని దాటకముందు కొన్నేళ్లు అవతల ఉన్నాడు. అదే తేడా.

ఆ ఆగస్టులోనే ఆంట్వెర్ప్ ఒలింపిక్స్. యుద్ధం ముగిసి రెండేళ్లు కాలేదు. బెల్జియం ఇంకా శిథిలాల్లో ఉంది. రోయింగ్ పోటీలకు చోటు దొరక్క బ్రస్సెల్స్ శివార్లలో విల్వోర్డ్ దగ్గరి విల్లెబ్రూక్ కాలువను ఇచ్చారు. అది సరుకు రవాణా కాలువ. ఒడ్డు పొడుగునా ఫ్యాక్టరీలు, సిమెంటు గోడలు. ఆధునిక ఒలింపిక్స్ సృష్టికర్త కుబెర్తాన్ ఆ చోటును చూసి అంత వికారమైన స్థలం ఇంకోటి లేదన్నట్టు రాసుకున్నాడు. తాపీమేస్త్రికి మాత్రం పరాయి వాతావరణం కాదు.

ఆగస్టు 29న ఫైనల్. కెల్లీ, బెరెస్‌ఫర్డ్ ఎదురుపడ్డారు. హెన్లీ జరగనివ్వని పోటీ ఎనిమిది వారాల ఆలస్యంగా కాలువలో జరిగిందన్నమాట. కెల్లీ ఆరడుగులు దాటిన మనిషి, కండపట్టినవాడు. బెరెస్‌ఫర్డ్ బరువులో చాలా తక్కువ, తెడ్డు వేయడంలో నైపుణ్యం ఎక్కువ. చాలా దూరం బెరెస్‌ఫర్డే ముందున్నాడు. కెల్లీ తన ఊపును ఆఖరి భాగానికి దాచుకున్నాడు. గమ్యం దగ్గరపడ్డాక విజృంభించాడు. కెల్లీ 7 నిమిషాల 35 సెకన్లు, బెరెస్‌ఫర్డ్ 7 నిమిషాల 36 సెకన్లు. ఒక్క సెకను. ఇద్దరికీ చేతులు కలుపుకునే ఓపిక కూడా మిగల్లేదని చెబుతారు.

అరగంట తర్వాత కెల్లీ మళ్లీ పడవెక్కాడు. ఈసారి ఇద్దరి పడవ, డబుల్ స్కల్స్. జోడీ పాల్ కాస్టెలో, తల్లి వైపు బంధువు, అదే ఫిలడెల్ఫియా వాడు. ఇటలీ జోడీని పది సెకన్ల తేడాతో ఓడించారు. ఈ రెండో గెలుపు గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఏడున్నర నిమిషాలు ఒళ్లు హూనం చేసుకుని, ఊపిరి సర్దుకోకముందే మళ్లీ రెండు కిలోమీటర్లు లాగడమంటే ఏమిటో రోయర్లకే తెలుసు. నా మట్టుకు అతని బలం రుజువైంది ఈ రెండో పోటీలోనే.

గెలిచాక తన చెమట పట్టిన ఆకుపచ్చ టోపీని తాపీమేస్త్రి నమస్కారాలతో బ్రిటన్ రాజు ఐదో జార్జికి పంపాడని కథ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. నమ్మడానికి మాత్రం నాకు కాస్త ఇబ్బంది. అయినా కెల్లీ కథ ఎక్కడ చదివినా ఈ టోపీ కనపడుతుంది. అవమానం అంత గట్టిగా తగిలినచోట ఇలాంటి టోపీ ఒకటి పుట్టుకురావడం సహజం.

ఓడిన బెరెస్‌ఫర్డ్ అంతటితో ఆగలేదు. 1924లో సింగిల్స్ బంగారం గెలిచాడు. 1928లో వెండి, 1932, 1936లలో బంగారం. వరసగా అయిదు ఒలింపిక్స్‌లో పతకాలు. అలాంటివాడి మీద గెలిచిన ఆ ఒక్క సెకను విలువ కట్టుకోండి. 1924లో పారిస్‌లో కెల్లీ, కాస్టెలో డబుల్స్‌ను మళ్లీ గెలిచారు. రోయింగ్‌లో మూడు ఒలింపిక్ బంగారాలు అంతకుముందు ఎవరికీ లేవు. అప్పటికి కెల్లీ వయసు 34. ఆ ఏడాది జనవరిలోనే మార్గరెట్ మేయర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య నేర్పిన క్రీడాకారిణి.

తర్వాత డబ్బు వచ్చింది. ‘కెల్లీ ఫర్ బ్రిక్‌వర్క్’ అన్న బోర్డు తూర్పు తీరంలో ఎన్నో కట్టడాల దగ్గర కనిపించేది. ఈస్ట్ ఫాల్స్‌లోనే హెన్రీ అవెన్యూలో సొంత ఇటుకలతో పదిహేడు గదుల మేడ కట్టుకున్నాడు. 1935లో డెమొక్రాట్ల తరఫున ఫిలడెల్ఫియా మేయరు పదవికి నిలబడి ఓడిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రజల దేహదారుఢ్య కార్యక్రమాన్ని అతని చేతుల్లో పెట్టింది. ఇవన్నీ ఒక జీవితానికి చాలినన్ని. కెల్లీకి చాల్లేదు. అతనికి హెన్లీ కావాలి.

1927లో కొడుకు పుట్టాడు. తన పేరే పెట్టాడు. ఆ పిల్లవాడు ఏడేళ్ల వయసులో స్కూకిల్ మీద తెడ్డు పట్టాడు. పెద్దయ్యాక ఏం కావాలనుందని ఎవరైనా ఆ కుర్రాణ్ని అడిగారో లేదో. ఈలోగా హెన్లీ కూడా మారింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్తూ దారిలో హెన్లీలో దిగిన ఆస్ట్రేలియా జట్టును పోలీసులన్న కారణంతో ఆపేసేసరికి గొడవ పెద్దదై, 1937లో చేతిపని నిబంధన తీసేశారు. చట్టం ప్రకారం కెల్లీ ఇంటికి ఇక అడ్డు లేదు. 1946లో కొడుకు కెల్లీ డైమండ్ స్కల్స్ ఫైనల్‌దాకా వెళ్లి ఫ్రెంచివాడు సెఫెరియాదెస్ చేతిలో ఓడిపోయాడు. 1947లో నార్వేవాడు ఫ్రాన్స్‌డాల్ మీద గెలిచాడు. తండ్రి ఒడ్డున ఉన్నాడు. తండ్రిని రానివ్వని పోటీలో 27 ఏళ్ల తర్వాత కొడుకు కప్పు ఎత్తాడని అమెరికా పత్రికలు పండగ చేసుకున్నాయి. 1949లో రెండోసారీ గెలిచాడు. దరఖాస్తులో అతని క్లబ్ వెస్పర్ కాదు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం.

ఈ పగతీరిన కథ అందరూ ఇష్టంగా చెబుతారు. నాకు కాస్త గుచ్చుకునే సంగతి ఒకటుంది. చేతిపని చేయకుండా, పైసా సంపాదించే అవసరం లేకుండా, తండ్రి డబ్బుతో ఏళ్ల తరబడి తెడ్డు సాధన చేసిన కొడుకు కెల్లీ అచ్చం 1879 నాటి హెన్లీ పెద్దలు కోరుకున్న మనిషి. నిబంధన అలాగే ఉన్నా అతనికి తలుపు తెరుచుకునేదే. గెలిచింది కెల్లీ వంశం, తాపీమేస్త్రి కాదు.

కొడుకు నాలుగు ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ రోయింగ్ పోటీలు హెన్లీలోనే జరిగాయి. తాను ఏడాది కిందట గెలిచిన అదే నీళ్లలో సెమీఫైనల్లో ఉరుగ్వేవాడు రిస్సో చేతిలో వెంట్రుకవాసిలో ఓడాడు. 1956లో ఆస్ట్రేలియాలోని బల్లరాట్ చెరువులో కంచు పతకం దొరికింది. దాన్ని చెల్లెలికి పెళ్లికానుకగా ఇచ్చాడంటారు.

ఆ చెల్లెలు గ్రేస్ కెల్లీ. హిచ్‌కాక్ ‘రియర్ విండో’ నాయిక, 1956లో మొనాకో యువరాణి. ఆ పెళ్లికి 20 లక్షల డాలర్లు కట్నంగా ముట్టాయని ఆమె జీవితచరిత్రకారులు రాశారు, యూరప్ రాజులకూ మన అల్లుళ్లకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. తండ్రి మాత్రం పైకొస్తుందని పెద్దకూతురు పెగ్గీ మీద ఆశపెట్టుకున్నాడు. గ్రేస్ ఆస్కార్ గెలిచినప్పుడు కూడా ఆశ్చర్యాన్ని దాచుకోలేదు. ఆటల్లో లేని పిల్ల ఆయన కళ్లకు సరిగా ఆనలేదేమో. 1981లో హెన్లీ రెగాటాలో బహుమతులు అందించడానికి పిలిచింది ఆమెనే. అప్పటికి తండ్రి పోయి రెండు దశాబ్దాలు దాటింది.

జాక్ కెల్లీ 1960 జూన్ 20న ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. వీలునామా తనే రాసుకున్నాడు, లాయర్ల భాష తనకు అర్థం కాదని. ఆస్తి భార్యకూ పిల్లలకూ పంచాడు. అల్లుళ్లకు ఏమీ రాయలేదు. అల్లుళ్లంటే తనకు కోపం లేదని, సరైనవాళ్లయితే తమ సంసారం తామే చూసుకుంటారని ఒక చమత్కారం వదిలాడు. ఆ అల్లుళ్లలో ఒకరు సింహాసనం మీదున్న మొనాకో ప్రభువు. దశాబ్దాల పాటు ఇంట్లో పనిచేసిన ఫోర్డ్ అనే పనివాణ్ని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉన్నంతకాలం పనిలో ఉంచుకోవాలని పేరు పెట్టి మరీ రాశాడు.

ఇప్పుడు స్కూకిల్ ఒడ్డున పోటీలు ముగిసేచోట ఒంటరి పడవలో కూర్చున్న కెల్లీ విగ్రహం ఉంది. పక్కనుంచి పోయే రోడ్డు పేరు కెల్లీ డ్రైవ్. ఆ పేరు మాత్రం తండ్రిది కాదు, 1985లో చనిపోయిన కొడుకుది.

(వచ్చే వారం: 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో పోటీ మధ్యలో బాతుపిల్లలకు దారిచ్చి ఆగి, అయినా గెలిచిన సిడ్నీ వడ్రంగి బాబీ పియర్స్. అతణ్నీ హెన్లీ తిప్పి పంపింది. తర్వాత విస్కీ అమ్మే ఉద్యోగం దొరికాక మాత్రం లోపలికి రానిచ్చింది.)